మిషను గదిలో ఎనిమిది వారాలు

సీతారావమ్మ బ్యాంకులో మిషను నేర్చుకోవడానికి కుదిరింది 1973 ఏప్రిల్లో. వాళ్ళ నాన్న కోటయ్య తెనాలి వైపు నుంచి కాలవ నీళ్ళ కోసం వచ్చి, సింధనూరు దగ్గర వలస రైతుల క్యాంపులో వరి పండిస్తున్నాడు. కూతురు రాయచూరులో బీకాం రెండో ఏడు. టైపు పరీక్షలో అందరికన్నా వేగంగా కొట్టిందని ప్రిన్సిపాలు ఆమెను పిలిపించాడు. ఊళ్ళో ఒక బ్యాంకువాళ్ళు లెక్కల మిషను తెప్పించారనీ, సెలవుల్లో ఎనిమిది వారాలు ఒక విద్యార్థికి నేర్పుతారనీ చెప్పి, వెళ్తావా అని అడిగాడు. ఆమె ఇంటికి కార్డు రాసింది. జవాబులో కోటయ్య రాసింది రెండే ముక్కలు. "నేర్చుకో. కోతల సంగతి మేం చూసుకుంటాం."

సెలవులకు హాస్టలు మూసేస్తారు కనక కోట దగ్గర బసమ్మ అనే ఆవిడ ఇంట్లో గది తీసుకుంది. బసమ్మ పాత రాయచూరు మనిషి. భర్త పోయాక అప్పడాలు చేసి ఇల్లిల్లూ తిరిగి అమ్ముకుంటోంది. "పొయ్యి ఉంది, కుండల నీళ్ళున్నయి. ఇంట్ల నీ ఇష్టం పిల్లా. ముచ్చట్లు పెట్టనీకి మాత్రం నాకు పుర్సత్ ఉండదు" అని మొదటి రోజే చెప్పేసింది. అన్నట్టే పొద్దున్నే బుట్ట ఎత్తుకుని పోతే దీపాల వేళకు గాని వచ్చేది కాదు. వచ్చీ రాగానే నడుం వాల్చేది.

బ్యాంకు మేనేజరు తిప్పన్న మంచివాడే. మిషను కోసం హాలు చివర అద్దాల తలుపుతో ఒక గది కట్టించాడు. బొంబాయి నుంచి కంపెనీ మనిషి వచ్చి మూడు రోజులు హిందీలో నేర్పి రైలెక్కి వెళ్ళిపోయాడు. చూడ్డానికి అది టైపు మిషను లాగే ఉంటుంది గాని నలుగురు పట్టి లేపితే గాని కదలదు. ఖాతాదారు కార్డు అందులో పెట్టి, పాత నిలవ కొట్టి, వేసిందీ తీసిందీ కొడితే, కొత్త నిలవ అదే లెక్క కట్టి అచ్చు వేస్తుంది. ఒక మనిషి కూర్చుని కూడి, తీసి, సరిచూసుకునే పని అది ఊపిరి పీల్చి వదిలేలోపు చేసేస్తుంది. మొదటిసారి కార్డు మీద అంకె పడ్డప్పుడు సీతారావమ్మకు ఒళ్ళు పులకరించింది. ఎవరికైనా చూపిద్దామని కార్డు పట్టుకుని తలుపు తీసింది.

హాల్లో పదకొండు బల్లలున్నాయి. పదకొండుమందీ తలలు దించుకునే ఉన్నారు. దగ్గర బల్లాయనను "చూడండి" అంది. ఆయన కలం ఆపలేదు.

సంగతి నాలుగో రోజు అటెండరు సుంకప్ప చెప్పాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, వెనక్కి ఒకసారి చూసి, "ఏమనుకోవద్దమ్మా. మిషనొస్తే నౌకరీలు పోతయని యూనియన్ల మాట్లాడుకున్నరు. ఈ గదిలున్నోళ్ళతోని ఎవ్వరూ మాట్లాడొద్దని. కోపం నీ మీద గాదు, దాని మీద" అన్నాడు.

"నేను నేర్చుకోవడానికి వచ్చిన దాన్ని కదా. ఉద్యోగం చేయడానికి కాదు."

"ఆ మాట వాళ్ళకు తెల్సు. అయినా గంతే."

కోపం తన మీద కాదని తెలిసినా మధ్యాహ్నం అన్నం డబ్బా ఒంటరిగానే తెరుచుకోవాలి. హాల్లోవాళ్ళు పదకొండుమందీ రెండు బల్లలు కలిపి భోంచేసేవారు. పచ్చడి వాసన అద్దాల తలుపు సందులోంచి వచ్చేది. ఎవరో ఏదో అనేవారు, అందరూ నవ్వేవారు. ఆమె మిషను వైపు తిరిగి కూర్చుని తినేది. ఇంటికి రాసే కార్డుల్లో మాత్రం అందరూ బాగా చూసుకుంటున్నారని రాసేది.

అసలు లెక్కలు ఎవరూ ఇవ్వరు. ఉత్తుత్తి ఖాతాలు పెట్టుకుని చెయ్యి తిప్పుకోమన్నాడు మేనేజరు. ఆమె క్యాంపులో వాళ్ళ పేర్లు రాసుకుంది. కాలవ వంతు దగ్గర రోజూ తగువు పడే ముసలయ్యకు ఒక కార్డు. మేనత్త హనుమాయమ్మకు ఒకటి. ముసలయ్య సోమవారం డబ్బు వేస్తాడు, బుధవారం గేదె కొనడానికి తీస్తాడు. గేదె పాలివ్వలేదని శుక్రవారం అమ్మేసి మళ్ళీ వేస్తాడు. ఒకరోజు గేదెను కొనుక్కున్నది హనుమాయమ్మే అని తోచి పకపకా నవ్వేసింది. తల తిప్పితే అద్దం అవతల రెండు మూడు తలలు ఆమెకేసి చూస్తున్నాయి. నోరు మూసుకుని కార్డు మార్చింది.

అయిదో వారం తిప్పన్న ఒక లావుపాటి లెడ్జరూ చీటీల కట్టలూ మోయించుకొచ్చాడు. "ఇది ఫిబ్రవరి నుంచి కలవడం లేదమ్మా. చీటీలన్నీ మిషను మీద ఎక్కించి తేడా ఎక్కడుందో చూడు" అన్నాడు.

అది పంపాపతి లెడ్జరు. హాల్లో అందరికన్నా పెద్దవాడు, నిజాం రోజుల్లో కొలువులో చేరినవాడు. రోజూ యాపలదిన్ని నుంచి బస్సులో వచ్చేవాడు. ఆయన రాత చూసి ఆమె ముచ్చట పడింది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి, ఎక్కడా కొట్టివేత లేదు. మూడు రోజులు కూర్చుని చీటీ చీటీ సరిచూసింది. మూడుచోట్ల తప్పు దొరికింది. చీటీలో ఏడు ఉన్నచోట లెడ్జరులో ఒకటి. ఎనిమిది ఉన్నచోట మూడు. అన్నీ మసక సిరాతో ఎవరో గబగబా రాసిన చీటీలే.

అప్పట్నుంచి ఆయన్ను గమనించింది. చీటీ అందుకోగానే కిటికీ వైపు తిరిగేవాడు. ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకునేవాడు. రాయడం మాత్రం చేతికి అలవాటైన పని, చూడనక్కర్లేకుండా సాగిపోయేది.

మేనేజరుకు చెప్పేస్తే ఆమె పని అయిపోయేది. రెండు రోజులు ఆలోచించి, మూడు ఖాతాల నంబర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, భోజనాల వేళ ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది.

మర్నాడు పంపాపతి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. హాల్లో కలాలన్నీ ఆగిపోయాయి. ఆయన స్టూలు తడుముకుని కూర్చున్నాడు.

"ఇది మిషను చెప్పిందా, నువ్వు చెప్తున్నవా?"

"తేడా ఉందని మిషను చెప్పిందండీ. ఎక్కడుందో నేను వెతికాను."

"తిప్పన్న సారుకు చెప్పినవా?"

"లేదండీ."

ఆయన చెయ్యి చాపి మీటల మీద వేళ్ళు ఆనించి చూశాడు, నొక్కలేదు. "ఏడాదాయె బిడ్డా, కండ్లముందర పొగ కమ్మినట్టుంటది. చెప్తే యాడ ఇంటికి పొమ్మంటరో అని దాస్తున్న. ఇంకా రెండేండ్ల సర్వీసుంది నాకు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తప్పు నాది. సారుకు నేనే చెప్పుకుంట. కండ్ల సంగతి మాత్రం ఇక్కడ ఎవ్వరికీ తెల్వొద్దు. సెలవు పెట్టి ఆపరేషన్ చేయించుకుంట, అది అయినంక తెలిస్తే తెల్వనీ."

"చెప్పనండీ" అంది సీతారావమ్మ.

నెల దాటాక హాల్లో ఒక మనిషి ఆమెతో మాట్లాడింది అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఆమె మామూలుకన్నా నిదానంగా నడిచి ఇంటికి వెళ్ళింది.

మరుసటి రోజు పంపాపతి మేనేజరు గదిలోకి వెళ్ళాడు, తలుపు వేసుకున్నారు. అరగంట తర్వాత బయటికి వచ్చి, ఎర్ర సిరాతో మూడు తప్పులూ దిద్ది, పక్కన సంతకం పెట్టి, లెడ్జరు ఇంకొకరికి అప్పగించాడు. నెల సెలవు రాసిచ్చాడు. గొడుగు తీసుకుంటూ, "ఆ పిల్లనేమనకుర్రి. దాని తప్పేం లేదు" అని చెప్పి వెళ్ళాడు.

ఆయన మంచికే అన్నాడు. విన్నవాళ్ళకు మాత్రం అది ఇంకోలా అర్థమైంది. మిషను పిల్ల మేనేజరుకు చాడీ చెప్పి పెద్దాయన్ను సీటులోంచి లేపించిందనీ, ఆయన పెద్దమనసుతో దాన్ని కూడా కాపాడుతున్నాడనీ హాలంతా అనుకుంది. అంతకుముందు మాట్లాడకపోవడం యూనియన్ తీర్మానం. ఇప్పుడు అది నిజమైన కోపమైంది. ఆమె ఎదురొస్తే దారిలోంచి తప్పుకునేవాళ్ళు. సుంకప్ప టీ తేవడం మానేశాడు. ఒకరోజు చీటీల కట్ట బల్ల మీద పడేసి, "ముప్పై ఏండ్ల కెళ్ళి చేస్తున్న మనిషిని గిట్ల చేస్తివి గదమ్మా" అన్నాడు.

సీతారావమ్మ నోరు తెరిచింది. తప్పు ఆయనే ఒప్పుకున్నాడంటే, ఆ తప్పు ఎందుకు పడిందని అడుగుతారు. మాట ఆయన కళ్ళ సంగతి దాకా వస్తుంది. "పని ఉంది సుంకప్పా" అని మిషను వైపు తిరిగింది. అంకె తప్పు పడింది. కార్డు చింపి ఇంకోటి తీసుకుంది.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు. బసమ్మ ఒక్కసారి మాత్రం దీపం వెలుతురులో మొహంలోకి చూసి, "ఏంది పిల్లా, గిట్ల సగమైనవ్?" అంది. చెప్పబోయేసరికి ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి. "ఎండలు కదా పెద్దమ్మా" అంది.

చివరి శనివారం తిప్పన్న సర్టిఫికెట్ ఇచ్చి, "చదువయ్యాక దరఖాస్తు పెట్టుకో, నేను రాస్తాను" అన్నాడు. హాలు దాటి వస్తుంటే ఎవరూ తలెత్తలేదు.

ఆదివారం సంచీ సర్దుకుని సింధనూరు బస్సు ఎక్కాల్సింది, యాపలదిన్ని బస్సు ఎక్కింది. పంపాపతి కర్నూలులో ఆపరేషన్ చేయించుకుని వచ్చి నాలుగు రోజులైంది. వసారాలో మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఒక కంటికి కట్టు. భార్య కరియమ్మ మజ్జిగ ఇచ్చి దగ్గర పీట వేసింది.

"మిషను పిల్లవా? రా బిడ్డా. కట్టు విప్పినంక దినాం చుక్కలెయ్యాలంట. అద్దాలిస్తే మల్ల అంకెలు కండ్లబడతయంట." గొంతులో హుషారు ఉంది. "బ్యాంకుల ఎట్లున్నరు? నీతోని మాట్లాడుతున్నరా ఇప్పుడన్న? నేను వచ్చేటప్పుడు అందరికీ చెప్పొచ్చిన."

కరియమ్మ ఆమె మొహం వైపే చూస్తోంది.

"మాట్లాడుతున్నారండీ" అంది సీతారావమ్మ. "అందరం కలిసే భోంచేస్తున్నాం. సుంకప్ప రోజూ రెండు పూటలా టీ తెచ్చి ఇచ్చేవాడు."

"నేనన్లే?" అన్నాడాయన భార్యతో. "మావోళ్ళు మంచోళ్ళే. పైకే గట్లుంటరు."

ఎండ తగ్గాక కరియమ్మ సంచీ అందుకుని రోడ్డు దాకా వచ్చింది. వద్దన్నా వినలేదు. ఇద్దరూ బస్సు కోసం రాతి మీద కూర్చున్నారు. కొంతసేపటికి కరియమ్మ, "బ్యాంకు కెళ్ళి ఇయ్యాల్టి దాంక ఎవ్వరూ చూడనీకి రాలే. నువ్వొక్కదానివే వస్తివి. ఆయనతోని మాత్రం వాళ్ళకు సెలవు దొర్కుతలేదని చెప్తున్న" అంది.

దూరంగా దుమ్ము లేచింది, బస్సు వచ్చింది.

రాయచూరు బస్టాండులో సింధనూరు బస్సుకు గంటన్నర ఉంది. బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని, నాన్న అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించుకుంది. మిషను పని వచ్చేసింది అని చెప్పొచ్చు. అది మాత్రం నిజమే.