ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ

దొరకి పొద్దున సూది అత్తగారు వేసేది, సాయంత్రం సూది కోడలు. పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుంటే కోడలు లేవదు, పొద్దు వాలితే అత్తగారికి చూపు ఆనదు. అందుకని పని అలా పంచుకున్నారు. దొర అంటే పిల్లి. బూడిద రంగు, బానపొట్ట, ఇంట్లో ఎవరినీ ఖాతరు చేయని నడక. ఆ పొట్ట కాస్తా జారిపోయి ఇప్పుడు వెన్నెముక చేతికి తగులుతోంది. నీళ్ళగిన్నె దగ్గరే దాని కాపురం.

పశువుల డాక్టరు పూటకి రెండు యూనిట్లు ఇన్సులిన్ ఇమ్మన్నాడు. బయటికి వస్తూనే అత్తగారు పెదవి విరిచింది.

"రెండా? కంట్లో చుక్కలా ఉంది. ఇన్నేళ్ళుగా నా ఒంట్లో ఉన్న రోగమే కదా, దీని గుట్టు నాకు తెలీదూ?"

తీపి తిన్న రోజు ఆవిడ తన సూదిలోకి రెండు గీతలు ఎక్కువ లాక్కుంటుంది. నీరసంగా ఉంటే ఒకటి తగ్గిస్తుంది. ఎవరినీ అడగదు. ఇంతవరకూ ఏమీ కాలేదు కూడా. దొరకీ అదే లెక్క పెట్టి, పొద్దున మూడు లాగింది.

మిషను దగ్గర్నుంచి కోడలు చూసింది. అడిగితే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకని అడగకుండా సాయంత్రం తను ఒకటే ఇచ్చింది. మొత్తం నాలుగే కదా, సరిపోయింది అనుకుంది. కోడలు తనకి వీపు పెట్టి సూది లాగే తీరు చూసి అత్తగారూ పసిగట్టింది. ఈ పిరికిది సగమే ఇస్తోంది, పొద్దున పూట నేనే చూసుకోవాలి అనుకుంది. ఒకరి దొంగతనం ఒకరికి తెలుసు.

కొన్నాళ్ళకి మళ్ళీ తీసుకెళ్తే, డాక్టరు పొద్దున్నే రక్తం చూసి తల ఆడించాడు.

"రెండు చాలట్లేదు, మూడు చేద్దాం. చెప్పినంతే ఇస్తున్నారుగా?"

"ఆ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ముందురోజు సాయంత్రం తనిచ్చిన ఒక్కటే పొద్దుటికి చక్కెరని పైకెక్కించిందని కోడలికి అక్కడే తట్టింది. పక్కన అత్తగారు. కోడలు దొరని బుట్టలో పెట్టి మూత వేసింది.

ఆ మర్నాటి నుంచి అత్తగారు నాలుగు, కోడలు రెండు.

ఒక పొద్దున దొర ఉడికించిన కోడిముక్క వాసన చూసి, మొహం తిప్పుకుంది. అత్తగారు నాలుగూ వేసేసింది. "మందు పడితే ఆకలి అదే పుడుతుంది," అంది. కోడలు విన్నది. ఈ జాకెట్టు చెయ్యి కుట్టేసి లేచి గట్టిగా చెప్పాలనుకుంది. అది అయ్యాక ఇంకో చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం గిన్నె దొర్లిన చప్పుడు. దొర పక్కకి ఒరిగి, కాళ్ళు గాలిలో ఈదుతున్నట్టు కొట్టుకుంటోంది. కోడలు వేలితో దాని చిగుళ్ళకి తేనె రాసింది. అత్తగారు బుట్ట కోసం వెతుకుతూ, బుట్ట ముందునుంచే రెండుసార్లు వెళ్ళిపోయింది.

"పొద్దున ఎంత ఇచ్చారు?" అడిగాడు డాక్టరు.

"మూడు. మీరు చెప్పినంతే." అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ పెద్దావిడ పెదవులు ఎండి అతుక్కుపోతున్నాయి.

"మూడే," అంది కోడలు.

మర్నాడు దాన్ని అప్పగిస్తూ డాక్టరు చెప్పాడు, మెదడుకి దెబ్బ తగిలిందని, చూపు రాకపోవచ్చని. "మూడుకే ఇలా అయిందంటే దీనికి పడట్లేదు. ఇక ఒకటే ఇవ్వండి. తినకపోతే అదీ వద్దు."

బుట్ట చెరో వైపు పట్టుకుని నడుస్తున్నారు.

"మీరు నాలుగిచ్చారని నాకు తెలుసు అత్తయ్యా."

"నువ్వు దొంగచాటుగా తగ్గించేదీ నాకు తెలుసు."

"వెనక్కెళ్ళి చెప్పేద్దామా?"

"ఏమని? అత్తాకోడళ్ళం పిల్లిని చెరిసగం పంచుకుని చంపామనా?" ఆవిడ బుట్టని ఇంకో చేతికి మార్చుకుంది. "చెబితే కళ్ళొస్తాయా దానికి? నడు."

కొంతదూరం పోయాక కోడలు అంది, "అసలు మొదట చెప్పినట్టు పూటకి రెండిస్తే ఎలా ఉండేదో."

"ఎప్పుడిచ్చాం కనక."

సాయంత్రం దొర గదిలో గుండ్రంగా తిరిగింది. కుర్చీకాలు తగిలితే ఆగి, మళ్ళీ దాన్నే గుద్దుకుంది. అత్తగారు నేలమీద చతికిలపడి కోడిముక్కని వేళ్ళతో మెదిపి, దాని నోటికి రాసింది. అది నాలుక కదపలేదు. కోడలు దీపం కింద సూదిలోకి ఒకటి లాగి, అత్తగారి కళ్ళ ముందు పెట్టింది.

"చూడండి. సరిగ్గా ఉందా?"

ఆవిడ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "సరిగ్గానే ఉంది," అంది. "కానీ తినలేదుగా."

కోడలు ఆ చుక్కని సింకులో వదిలేసి, నీళ్ళు తిప్పింది.