రెండు చుక్కల ఛాసిస్

పాత బండిని చూసి ఏ మోడలో చెప్పేస్తానని చిత్తూరు చుట్టుపక్కల నాకో పేరుంది. ఈ అరవై ఏళ్ళలో నేను గట్టిగా సంపాదించుకున్నది అదొక్కటే కాబట్టి కొంచెం ఎక్కువగానే చెప్పుకుంటాను. బెంగళూరు నుంచి వచ్చే కుర్రాళ్ళు ఫోన్లో ఏదో చూసి "శేఖరన్నా, ఇది డెబ్బై ఒకటి మోడల్ కదా" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోనే చెప్పేటట్టయితే గిరింపేటలో నా మెకానిక్ అంగడి దాకా ఎందుకొచ్చావని ముఖం మీదే అడిగేస్తాను.

మొన్న మామిడికాయల కాలంలో తిరుపతి నుంచి భానుశ్రీ అనే అమ్మాయి ఒక పాత జావా మోటారు సైకిలును టాటా ఏస్ బండిలో వేయించుకుని వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ నలభైకి దగ్గర్లో ఉంటుంది. ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగమట. బండిని కిందికి దించగానే నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు కూడా. ట్యాంకు ఒక కాలానిది, ముందరి ఫోర్కు ఇంకో కాలానిది, రెండు చక్రాలూ రెండు ఊళ్ళ పాత ఇనుప అంగళ్ళవి. ఇంజనైతే జావాదే కాదు, తర్వాత వచ్చిన యెజ్డీది.

"ఇది బండి కాదమ్మా, కదంబం," అన్నాను.

ఆమె నవ్వలేదు. "తిరుపతిలో కూడా అట్లే అన్నారన్నా," అంది.

అప్పుడు చెప్పింది. పోయిన ఏడు తిరుపతిలో పాత బళ్ళ ప్రదర్శన పెడితే వాళ్ళ నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఈ బండిని తీసుకుపోయాడు. అట్టముక్క మీద '1964 – మా నాయన బండి' అని తనే రాసి హ్యాండిల్‌కు కట్టాడు. నలుగురు కుర్రాళ్ళు చుట్టూ చేరి, ఇది ఫలానా ఏడుది, అది ఫలానా ఏడుది అని ఒక్కొక్క సామాను మీదా వేలు పెట్టి చూపించి, అట్ట తీసేయమన్నారు. ఆయన తీసేశాడు. ఇంటికొచ్చాక మళ్ళీ ఆ బండిని కిక్కు కొట్టలేదు. కార్తీక మాసంలో పోయాడు.

"పోయే ముందర రెండు దినాలు అదే మాటన్నా. 'అది మా నాయన బండే పాపా' అని. ఔను నాయనా అంటాంటి. నమ్మి అనలేదు. ఊరికే అన్నా." హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. "ఇందులో అరవై నాలుగుది యాడైనా ఉండాదా? లేదంటే లేదని చెప్పేయ్, ఏమనుకోను."

కదంబం అన్న నోటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కిరసనాయిలు గుడ్డ అందుకున్నాను.

ఆర్సీ పుస్తకాన్ని చెదలు తినేశాయట. బండి చట్రానికి, అదే ఛాసిస్‌కు, మెడ దగ్గర నంబరుండాలి. అక్కడ ఎవరో మహానుభావుడు వెల్డింగు పెట్టి చదును చేశాడు. ఎంత తుడిచినా చివరి రెండంకెలే కనిపించాయి. ఆరు, తొమ్మిది. ఛాసిస్ తీరు చూస్తే అరవైల్లోదే. కానీ అరవై రెండా, అరవై నాలుగా, అరవై ఏడా? అయ్యుండొచ్చు అనే మాట నేను ఎప్పుడూ వాడను.

బండిని పక్కకు పడుకోబెట్టి ఇంజను కూర్చునే చోట గ్రీజు గోకాను. అక్కడ పక్కపక్కన, ఇనుములో పంచ్ కొట్టిన రెండు చుక్కలు కనిపించాయి. అవి నేను కొట్టిన చుక్కలు.

"మీ నాయన పేరేమన్నావమ్మా?"

"మునిరత్నం. మాది బంగారుపాళ్యం పక్కన."

ముప్పై ఐదేళ్ళ కిందట ఆ ఊళ్ళో కుప్పుస్వామి, మునిరత్నం అనే అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. భూములు, మామిడి చెట్లు, గొడ్లు, ఇత్తడి సామాను అన్నీ మధ్యాహ్నానికల్లా తేలిపోయాయి. వాళ్ళ నాయన తోలిన జావా ఒక్కటి మిగిలింది. నాకంటే నాకని ఇద్దరూ పట్టు పట్టారు. ఒకరు బండి తీసుకోండి, ఇంకొకరు ఇంకేదైనా తీసుకోండి అంటే ఇద్దరూ వినలేదు. పంపకం చేస్తున్న పెద్దమనిషి జయరావు విసిగిపోయి, "అట్లయితే ఇంజను పెద్దోనికి, ఛాసిస్ చిన్నోనికి. మెకానిక్కును పిలిపించండి" అన్నాడు. ఆ మెకానిక్కును నేనే. అప్పుడు నాకు ఇరవై ఐదేళ్ళు.

గంటన్నరలో విప్పేశాను. ఒక్క బోల్టు తల కూడా చెడలేదు. రేపు తగాదా రాకుండా ఇంజను మీద ఒక చుక్క, ఛాసిస్ మీద రెండు చుక్కలు పంచ్‌తో కొట్టి ఎవరి భాగం వాళ్ళకు అప్పజెప్పాను. మోటారు సైకిలుకు భాగ పరిష్కారం చేసిన మొనగాణ్ణి నేనేనని టీ అంగడి దగ్గర ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ళు ప్రతిసారీ పడిపడి నవ్వేవాళ్ళు. ఆ రెండు ముక్కలూ తర్వాత ఏమయ్యాయని వాళ్ళూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఇదంతా భానుశ్రీకి చెప్పడం నాకు సులువుగా లేదు. తల దించుకునే చెప్పాను. అప్పుడు ఆమెకు మూడేళ్ళుంటాయేమో, ఏమీ తెలియదు. తన నాయనా పెదనాయనా మాట్లాడుకోరని మాత్రం తెలుసు. మునిరత్నం దహనానికి పెదనాయన వచ్చాడట. దూరంగా నిలబడి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడట.

"ఈ బళ్ళకు ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఒకటేనమ్మా," అన్నాను. "ఆ ఇంజను చూస్తే మోడలు తేలిపోతుంది. నంబరు చివర్న ఆరు, తొమ్మిది ఉండాలి."

"ఇంకా ఉంటుందా?"

"ఉంటే మీ పెదనాయన కాడే ఉండాల."

మరునాడు పొద్దున్నే బంగారుపాళ్యం వెళ్ళాం. గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. ఇంటి తలుపు తీసిన చంద్రకాంతమ్మ, అంటే కుప్పుస్వామి భార్య, భానుశ్రీని చూడగానే గడ్డం పట్టుకుని ఏడ్చేసింది. కుప్పుస్వామికి ఎనభైకి దగ్గరపడ్డాయి. చేతికర్రతో వచ్చి విషయం విన్నాడు. గూట్లో ఉన్న తాళంచెవి తీసుకుని తోట వైపు నడిచాడు. మేము వెనకే పోయాం.

మోటారు షెడ్డులో, చెక్కబల్ల మీద, గోనెపట్టా కింద ఉంది ఇంజను. పట్టా తీస్తే ఇనుము కనిపించలేదు. కుంకుమా గంధమూ పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి.

"ఏటా ఆయుధపూజకు బొట్టు పెడతాడు," అంది చంద్రకాంతమ్మ. "ఒక్కసారి కూడా తుడవనీలేదు."

"వేరే బండికి ఏసుకోలేదా పెదనాయనా?" అంది భానుశ్రీ.

"దేనికేసేది పాపా? బండి మీ నాయన కాడ ఉండె గదా."

నేను ఒక పక్కగా కూర్చుని మెల్లగా గోకాను. ముందు నేను కొట్టిన ఒంటి చుక్క బయటపడింది. తర్వాత నంబరు. గుడ్డతో తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివాను. చివరి అంకెలు ఆరు, తొమ్మిది. మొదటి అంకెలు చూశాక ఇంక అనుమానమే లేదు.

"అరవై నాలుగమ్మా. ఇదీ అదే, నీ కాడుండే ఛాసిస్సూ అదే. మీ నాయన రాసిన అట్ట నిజం."

ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. "నాయన చెప్తానే ఉన్నాడు పెదనాయనా. నేనే నమ్మలేదు," అంది. చంద్రకాంతమ్మ ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది.

కుప్పుస్వామి నా వైపే చూస్తున్నాడు. "నువ్వు ఆ పొద్దు వచ్చిన మెకానిక్కువి గదా?"

"ఔను పెద్దాయనా."

"జయరావు నిన్ను పిలిపించింది ఇప్పేదానికి కాదప్పా," అన్నాడు. "ఇప్పితే రెండూ పాడైతాయి, కుదరదు అని నువ్వంటావని. మెకానిక్కు అనేవాడు ఆ మాటే అంటాడని నాకు సెప్పినాడు, మా తమ్మునికీ సెప్పినాడు. నువ్వు కుదరదంటే, సరే ఉమ్మడిలోనే ఉండనీ అని లేసి పోదామని ఇద్దరమూ నీ మొగమే సూస్తా కూర్చోనుంటిమి. నువ్వేమో వచ్చీ రాంగానే పెట్టె తెరిస్తివి."

నాకు కోపమొచ్చింది. తప్పు మన మీదికి వస్తుంటే ముందు కోపమే వస్తుంది. "మధ్యలో ఆపమని అనొచ్చు గదా మీరు! గంటన్నర కూర్చోని సూస్తిరే!"

"నేను ఆపితే నేను తగ్గినట్టు. వాడు ఆపితే వాడు తగ్గినట్టు. ఆడుండే జనంలో తగ్గాల్సిన పని లేనోడివి నువ్వొక్కడివే గదప్పా."

నా కోపం అక్కడే చచ్చిపోయింది.

"ఒక్క మాట. కుదరదు అని. అనుంటే నీకేం పోయేది?" అన్నాడు. నిలదీస్తున్నట్టు లేదు. ఇన్నేళ్ళుగా తెలుసుకోవాలనుకున్నది అడిగినట్టుంది.

అబద్ధం చెప్పొచ్చు. పెద్దలు చెప్పారు, చేశాను అనొచ్చు. కానీ నాకు అంతా గుర్తుంది. "అంతకు రెండు దినాల ముందర కొత్త స్పానర్ల సెట్టు కొనుక్కోనుంటి పెద్దాయనా," అన్నాను. "నలభై మంది సూస్తా ఉండిరి. నా పనితనం సూపియ్యాలనుకుంటి. అంతే."

ఆయన నన్ను చూసి తల ఊపాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నేనే మళ్ళీ బిగిస్తాను," అన్నాను. "ఇంజను ఇస్తే, పది దినాల్లో పాప చేతికి బండి ఇస్తా."

"బిగించు. ఇప్పుడు తగ్గేదానికి వాడు లేడు."

కర్ర గోడకు ఆనించి, దూలం సందులోంచి పాత పౌడరు డబ్బా ఒకటి తీశాడు. మూత తీసి నా అరచేతిలో వంచాడు. గ్రీజులో నానిన బోల్టులు పడ్డాయి. ఆ రోజు ఇంజను విప్పుతూ నేను తీసిన బోల్టులు. గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి చూశాను. ఒక్కదానికీ తల చెడలేదు. అంత బాగా విప్పాను.