లంగరు బర్గర్స్‌లో కిటికీ పక్క బల్ల

సుధారాణి ఆటో దిగేసరికి లంగరు బర్గర్స్ ముందు జనం వీధి మలుపు దాకా నిలబడి ఉన్నారు. వన్ టౌన్‌లో ఒకప్పుడు బెల్లం గోదాముగా ఉన్న ఆ రాతి కట్టడాన్ని ఎవరో అన్నదమ్ములు కొని బర్గర్ల హోటల్ చేశారు. సందు చిన్నది, పేరు పెద్దది. ఆదివారం వస్తే మధురవాడ నుంచి కూడా పిల్లలు బళ్ళేసుకుని వచ్చి తిని వెళతారు. సుధారాణి కూతురు రాధ వాళ్ళలో ఒకతె. ఈ చోటు చెప్పిందీ ఆ పిల్లే.

"అక్కడికి మనోళ్ళెవరూ రారమ్మా. ఇద్దరూ నిదానంగా మాటాడుకోండి," అంది.

మాట్లాడుకోవలసింది శ్రీరామ్మూర్తితో. సబ్బవరం వాడు, పోర్టులో క్రేను నడుపుతాడు. భార్య పోయిన దగ్గర్నుంచి గాజువాకలో సుధారాణి నడిపే కర్రీ పాయింటులోనే కూరలు కొనుక్కుంటున్నాడు. మొదట్లో పొట్లం అందుకుని తల తిప్పకుండా వెళ్ళిపోయేవాడు. పోనుపోను, పులుసు బాగుందనో పప్పు పలచనయిందనో ఒక మాట అని కాసేపు నిలబడడం మొదలుపెట్టాడు. కిందటి నెలలో ఒక వాన సాయంత్రం, షాపులో ఇంకెవరూ లేనప్పుడు, గొడుగు మడుస్తూ, "మీకు ఇష్టమైతేనే. మనం పెళ్ళి సేసుకుంటే ఎలగుంటాదని," అని ఆగిపోయాడు.

సుధారాణి సిగ్గుపడలేదు, కోపగించుకోలేదు. భర్త పోయాక అత్తవారి ఊరు పద్మనాభం వదిలి, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, ఒక్కతే పొయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషి ఆమె. ఔననడానికీ భయం లేదు, కాదనడానికీ భయం లేదు. అయితే షాపు బల్లకి అవతల నిలబడే మనిషి వేరు, ఎదురుగా కూర్చుని తినే మనిషి వేరని ఆమె అనుభవం.

"ఓసారి బయటెక్కడైనా కూకుందాం. అప్పుడు సెప్తాను," అంది.

ఇప్పుడు శ్రీరామ్మూర్తి ముందే వచ్చి వరసలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మీద మడతలు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఆమెని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. ముందూ వెనకా అంతా పాతికేళ్ళలోపు వాళ్ళే.

"ఇక్కడ మనమే పెద్దోళ్ళలాగున్నాం," అన్నాడు గొంతు తగ్గించి.

"పెద్దోళ్ళకి ఆకలెయ్యదేటి," అంది సుధారాణి.

లోపల గోడ మీద పలక నిండా బర్గర్ల పేర్లు రాసి ఉన్నాయి. శ్రీరామ్మూర్తి కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందకి చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదవబోయాడు. సుధారాణి పలక వైపు చూడనేలేదు. కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగింది.

"ఇక్కడ జనం దేనికోసం ఎగబడతన్నారమ్మా?"

"రొయ్యల బర్గర్ ఆంటీ. గోంగూర పచ్చడి రాసి ఇస్తాం."

"అయితే అయ్యే రెండియ్యి. కారం తగ్గించకు."

మేడ మీద కిటికీ పక్క బల్ల అప్పుడే ఖాళీ అయింది. అక్కణ్ణుంచి పాత ఇళ్ళ పెంకులు, వాటి వెనక పోర్టు క్రేన్లు కనిపిస్తున్నాయి. శ్రీరామ్మూర్తి కూర్చోగానే వేలు చూపించాడు.

"అదిగో, ఎడంపక్కది. నాను ఎక్కేది అదే."

"అంతెత్తున భయమెయ్యదేటండీ?"

"పైనున్నంతసేపూ ఏం ఎయ్యదు. కిందకి దిగితేనే. ఎవరితో ఏటి మాటాడాలో తెలవదు."

సుధారాణి నవ్వింది. ఆ మాట ఆమెకి నచ్చింది. గొప్పలు చెప్పుకునే మగవాళ్ళని ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది.

బర్గర్లు వచ్చాయి. ఒక్కొక్కటి రెండు చేతుల్లోనూ పట్టనంత ఉంది. మధ్యలోంచి ఎర్రటి రొయ్యలు తొంగిచూస్తున్నాయి, అంచుల వెంట గోంగూర కారుతోంది. శ్రీరామ్మూర్తి చెంచా కోసం అటూ ఇటూ చూసి, లేకపోయేసరికి పై బన్ను ఎత్తి పక్కన పెట్టి, అన్నంలో ముక్కలు ఏరుకున్నట్టు రొయ్యలు ఏరడం మొదలుపెట్టాడు. సుధారాణి గాజులు వెనక్కి తోసుకుని, రెండు చేతులతో అదిమి పట్టుకుని, నోరు పెద్దది చేసి కొరికింది. బన్ను మెత్తగా అణిగింది, రొయ్య కరకరలాడింది, ఆ వెంటనే గోంగూర పులుపు నాలుక మీదికి దూకింది. గడ్డానికి పచ్చడి అంటుకుంది. కాగితంతో తుడుచుకుని, "బాగుంది. వెల్లుల్లి ఇంకో రెండు రెబ్బలు పడాల్సింది గాని బాగుంది," అంది.

ఆమెని చూసి ఆయన కూడా బన్ను మూత పెట్టాడు. మొదటిసారి కొరకగానే సగం రొయ్యలు పళ్ళెంలో పడ్డాయి. ఇద్దరూ నవ్వుకుంటుండగా సుధారాణి చూపు మెట్ల వైపు పోయింది. నవ్వు ఆగింది.

మెట్లెక్కి వస్తున్నది అర్జునరావు. చనిపోయిన ఆమె భర్తకి సొంత అన్న. పంచె, భుజం మీద తువ్వాలు, వేలు పట్టుకుని మనవరాలు. పద్మనాభంలో పొలం వదిలి కదలని మనిషి.

"మా బావగారు," అంది సుధారాణి మెల్లగా.

శ్రీరామ్మూర్తి కుర్చీలోంచి సగం లేచాడు. "నాను కిందకి ఎల్లిపోతాను. మీకు ఇబ్బంది."

"కూకోండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మనం దొంగతనానికి రాలేదు."

ఆయన కూర్చున్నాడు. సుధారాణి చెయ్యెత్తి పిలిచింది.

"బావగారూ, ఇలగ రండి. ఇక్కడ రెండు కుర్చీలున్నాయి."

అర్జునరావు ఆగి చూశాడు. మరదల్ని చూశాడు, ఎదురుగా ఉన్న మగమనిషిని చూశాడు. మనవరాలు అప్పటికే పరిగెత్తుకొచ్చి సుధారాణి పక్కన ఎక్కి కూర్చుంది. ఆ పిల్ల పుట్టినరోజట, తాతని ఏడిపించి ఇక్కడికి లాక్కొచ్చిందట. అర్జునరావు వచ్చి కూర్చున్నాడు గాని తువ్వాలు భుజం మీంచి తియ్యలేదు.

"ఈయనెవరు?"

సుధారాణి చెప్పబోయేలోపు శ్రీరామ్మూర్తే నోరు విప్పాడు. చేతులకి పచ్చడి ఉందని గుర్తొచ్చి ఒళ్ళోకి దించుకున్నాడు.

"నా పేరు శ్రీరామ్మూర్తండి. పోర్టులో పని. మా ఆవిడ పోయింది. ఈవిడ ఒప్పుకుంటే పెళ్ళి సేసుకుందామని అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు."

అర్జునరావు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. కింద ఎవరిదో నంబరు పిలుస్తున్నారు. పిల్ల సుధారాణి పళ్ళెంలోంచి ఒక రొయ్య తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఒక్కమాట నాకు ముందు సెప్పొచ్చు కదమ్మా," అన్నాడు చివరికి.

"ముందు నాకు తెలవాలి కదా బావగారూ. అది తేల్చుకుందామనే వచ్చాను. తేలాక మొదట సెప్పేది మీకే."

"రాధకి తెలుసా?"

"రాధే పంపింది."

అర్జునరావు తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సుధారాణి తన బర్గర్లో కొరకని సగాన్ని విరిచి కాగితంలో పెట్టి ఆయన ముందుకి జరిపింది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కొరికి, నిదానంగా నమిలాడు.

"మా తమ్ముడు రొయ్యలంటే పడి సచ్చేవోడు," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా.

ఆ మాటకి ఈ మనిషి తల దించుకుంటాడో, మాట మారుస్తాడో అని సుధారాణి చూసింది. శ్రీరామ్మూర్తి ఆ రెండూ చెయ్యలేదు. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాడు.

"ఆయన గురించి నాకేం తెలవదండి. ఎప్పుడూ అడగలేదు. ఎలగుండేవోరు?"

అర్జునరావు మొదట పొడిగా రెండు మాటలు చెప్పాడు. తర్వాత తమ్ముడు ఈత నేర్చుకున్న సంగతి, రొయ్యల కోసం భీమిలి దాకా సైకిలు తొక్కిన సంగతి చెప్పాడు. సైకిలు కథలో ఆయన మరిచిపోయింది సుధారాణి అందించింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎవరూ ఆమె ముందు ఆ పేరెత్తేవారు కాదు, ఆమె బాధపడుతుందని. ఇప్పుడు ఎత్తితే గుండె బరువెక్కలేదు, తేలికపడింది. వింటున్న మనిషి మధ్యమధ్య "తరవాతండీ" అంటున్నాడు, నిజంగానే తెలుసుకోవాలని. సుధారాణికి ఇంక తేల్చుకోవలసింది ఏమీ మిగల్లేదు.

పిల్లకి ఐస్‌క్రీమ్ తినిపించి అర్జునరావు లేచాడు.

"మా అమ్మకి నాను సెప్తాను. నాల్రోజులు అలుగుతాది. ఆ తరవాత అదే అడుగుతాది, ముహూర్తం ఎప్పుడని," అన్నాడు. శ్రీరామ్మూర్తి వైపు తిరిగి, "ఓసారి మా పొలం సూద్దురు గాని రండి," అని పిల్లని నడిపించుకుంటూ మెట్లు దిగాడు.

చొక్కా మీద గోంగూర మరక పడిందని శ్రీరామ్మూర్తి అప్పుడు చూసుకున్నాడు.

"ఆయన ముహూర్తం అంటన్నారు. మీరింకా సెప్పలేదు," అన్నాడు.

"సెప్తన్నాను కదా. సరే," అంది సుధారాణి. "సబ్బవరంలో మీ వోళ్ళెవరున్నారు?"

"మా అక్క మంగాయమ్మ. బాగా గట్టి మనిషి. మెల్లగా సెప్పాలి."

"మీరు సెప్పకండి. రేపు షాపు మూసి నాను వత్తాను. నానే మాటాడతాను."

సుధారాణి చేతులు కడుక్కుని వచ్చి, బల్ల కోసం నిలబడి ఉన్న కుర్రజంటకి, "కూకోండమ్మా, మా పని అయింది," అని చోటిచ్చింది. తర్వాత ఆయన కంటే ముందు మెట్లు దిగింది.