రెండింటికి ఒక్క రింగు

"పూలకుండీ దుమ్ము దులిపేవా?"

రోజూ ఒకటిముప్పావుకి శేషగిరి అడిగే మాట ఇదే. తిని చెయ్యి కడుక్కుని మంచం మీద నడుం వాలుస్తూ అడుగుతాడు. తిన్నావా అని అడిగిన రోజు నాగసుధకి గుర్తులేదు. ఆ మాట కోసం ఎదురుచూడడం ఆవిడ కూడా ఎప్పుడో మానేసింది. మొగుడి కంచం తీసి, అత్తగారు వరహాలమ్మ కంచం తీసి, గిన్నెలు తొట్టిలో పడేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ మేడ మీదికి పరిగెత్తేది. తన అన్నం మూడు దాటాకే. రెండు నుంచి మూడు దాకా మాత్రం ఆవిడ ఎవరికీ వడ్డించదు. రోజు మొత్తంలో ఆవిడది అనదగ్గది ఆ ఒక్క గంటే.

మేడ మీద ఉన్నది శేషు కేబుల్ వారి గది. రెండు వేల నాలుగు నాటికి పలాసలోనూ, కాశీబుగ్గలోనూ, హరిపురం దారిలో జీడితోటల మధ్య ఉన్న కొన్ని ఊళ్ళలోనూ ఆ గది నుంచి వెళ్ళిన తీగ మీదే సినిమాలు ఆడేవి. స్తంభాలెక్కేదీ, ఊళ్ళు తిరిగేదీ శేషగిరి. సీడీలు మార్చేదీ, బొమ్మ రావట్లేదని ఫోన్ చేసినవాళ్ళ తిట్లు తినేదీ నాగసుధ. మీ ఆవిడ ఏం చేస్తారని ఎవరైనా అడిగితే శేషగిరి "ఏటి సేత్తాది, ఇంట్లోనే ఉంటాది" అనేవాడు. అబద్ధమేమీ కాదు, ఆ గది కూడా ఇంట్లోనే ఉంది మరి.

అంతకు రెండేళ్ళ ముందు ఒక మధ్యాహ్నం సినిమా నడుస్తుండగా సీడీ ప్లేయరు మొరాయించింది. శేషగిరి మందస వైపు ఏ స్తంభం మీద ఉన్నాడో తెలీదు. ఫోను ఒకటే మోత. అందరికీ విడివిడిగా సర్దిచెప్పలేక నాగసుధ మైకుకి తీగ తగిలించి, "కాసేపు ఓపిక పట్టండి, ఈలోగా మీ ఇళ్ళల్లో ఏం కూరలో చెప్పండి" అంది. ఫోను మీద స్పీకరు మీట నొక్కితే అవతలివాళ్ళ గొంతు పక్కనున్న మైకులో పడి ఊరంతటికీ వినిపించింది. ప్లేయరు బాగయ్యాక కూడా ఎవరూ సినిమా అడగలేదు. మర్నాడు నిన్న మాట్లాడిన ఆవిడ ఏరీ అని ఏడుగురు అడిగారు. శేషగిరి లాభం ఆలోచించి సరేనన్నాడు. బడిపంతులి భార్యగా ఊళ్ళో పేరున్న వరహాలమ్మ ఒప్పుకోలేదు. "మాస్టారి కోడలు ఊరందరి ఇళ్ళల్లోనూ కనిపిత్తాదేటి? మొగం సూపించకూడదు, పేరు సెప్పకూడదు. ఆ మీదట మీ ఇష్టం" అని తేల్చింది. అందుకని కెమెరా ముందు ప్లాస్టిక్ గులాబీలున్న పింగాణీ పూలకుండీ పెట్టారు. గంటసేపూ బొమ్మ అదే. దాని వెనక నుంచి నాగసుధ గొంతు. పేరు చెప్పకపోయేసరికి ఊరే ఒకటి పెట్టుకుంది. పూలకుండీ వదిన.

మొదట్లో ఫోన్ చేసేవాళ్ళంతా పాటలడిగే కుర్రాళ్ళే. ప్రతివాడితోనూ ముందుగా అనాల్సిన మాట, "మీ టీవీ సౌండు తగ్గించండి." లేకపోతే మాట తిరిగి తిరిగి మోగి చెవులు హోరెత్తేవి. ఆ మాట అని అని ఆవిడ నోరు అరిగిపోయింది. ఆడగొంతు మాత్రం ఒక్కటీ రాదు. ఇదే నాగసుధని పురుగులా తొలిచేది. ఎందుకు రారు? చూడరా? చూసినా నచ్చదా? నచ్చినా మాట్లాడనివ్వరా? శేషగిరిని అడిగితే "ఆలకేటి పని, తినీసి తొంగుంటారు" అన్నాడు. మధ్యాహ్నం తిని పడుకునే ఆడమనిషిని నాగసుధ తన ముప్పై రెండేళ్ళలో ఒక్కర్తెనీ చూడలేదు. చూడని సంగతి అంత నమ్మకంగా ఎలా చెప్పగలిగాడా అని ఆవిడకి కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది.

జవాబు రాజులమ్మ తెచ్చింది. రాజులమ్మ జీడిపిక్కలు కొట్టే మనిషి. బట్టీల్లో కాల్చిన పిక్కలు సంచుల్లో ఇళ్ళకొస్తాయి. ఆడవాళ్ళు చేతులకి బూడిద రాసుకుని, వరసగా కూర్చుని, చిన్న సుత్తులతో కొట్టి పప్పు తీస్తారు. పెంకులో ఉండే జీడి రసం అంటితే ముందు నల్లటి మరక, తర్వాత బొబ్బ. ఒకరోజు పొద్దున్నే బొమ్మ సరిగ్గా రావట్లేదని చెప్పడానికి ఆవిడ తనే నడిచి వచ్చింది.

"ఫోన్ చేస్తే సరిపోయేది కదా రాజులమ్మా" అంది నాగసుధ.

రాజులమ్మ చేతులు చాపి చూపించింది. "ఈ సేతుల్తోనా? పనిలో కూకున్నామంటే నాలుగింటిదాకా లెగడానికి నేదు. ఫోను ముట్టుకుంటే నల్లగైపోతాదని ఇంట్లో గోల. నువ్వేమో సౌండు తగ్గించమంతావు. ఎవురు తగ్గిత్తారు? మాం టీవీ సూడం తల్లీ, ఇంటాం. తలెత్తితే సుత్తి ఏలు మీద పడతాది. నీ పూలకుండీ ఎర్రదో పచ్చదో కూడా మాకు తెల్దు. నువ్వడిగినవాటికి మాలో మాం జవాబు సెప్పుకుంటాం. నీకినపడదు గాని."

నాగసుధ మెట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తనకి జవాబిస్తూనే ఉన్నారన్నమాట. సంతోషమూ సిగ్గూ రెండూ ఒక్కసారే కలిగాయి. "మోచేతులు బాగానే ఉంటాయా?" అని అడిగింది. రాజులమ్మ చెయ్యి మడిచి తన మోచెయ్యి తనే చూసుకుంది. "అవి సుబ్బరంగానే ఉంటాయి."

అలా పుట్టింది పద్ధతి. పొద్దున్నే చేతులు శుభ్రంగా ఉన్నప్పుడు కేబుల్ గది నంబరు ఒకసారి కొట్టి పెట్టుకోవాలి. మధ్యాహ్నం మోచేత్తో రీడయల్ నొక్కితే ఒక రింగు వెళుతుంది, పక్క మీట నొక్కితే ఆగిపోతుంది. రూపాయి ఖర్చు లేదు, మాట్లాడే పని లేదు. మర్నాడు రెండింటికి నాగసుధ మైకు ముందు కూర్చుని, "పాటలడిగేవాళ్ళు ఆఖరి పావుగంట దాకా ఆగండి. ముందు నాకొక సంగతి తెలియాలి. మీ ఇంట్లో అందరికంటే ఆఖర్న తినేది మీరే అయితే ఒక్క రింగివ్వండి. నేను ఫోనెత్తను" అంది.

ఏమీ మోగలేదు. గులాబీలు అలాగే ఉన్నాయి. అప్పుడు ఒక్క రింగు మోగి ఆగింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత ఆగితే ఒట్టు. మైకు పక్కనే ఫోను కాబట్టి ప్రతి రింగూ ప్రతి ఇంట్లోనూ వినపడింది. సుత్తి పట్టుకుని తలవంచుకున్న ప్రతి మనిషీ మిగతావాళ్ళని వింది. నాగసుధ తన వంతుగా గోటితో పూలకుండీ మీద టంగుమని ఒక దెబ్బ కొట్టింది. తెర మీద గులాబీలు కదిలాయి.

ఆ తర్వాత ఆవిడకి అడగడమే పని. జ్వరంతో పొయ్యి వెలిగించినవాళ్ళు ఎవరు? కొడుక్కి చెప్పులు కొని తమకి కొనుక్కోనివాళ్ళు ఎవరు? ఇష్టమైన కూర ఏదో మర్చిపోయినవాళ్ళు ఎవరు? ఒక్కోదానికి మోతే మోత. ఒకరోజు "సముద్రం మనకి ఇంత దగ్గర కదా, ఒక్కరే వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చినవాళ్ళున్నారా?" అని అడిగితే ఒక్కటీ మోగలేదు. "సరే, నేనూ వెళ్ళలేదు" అంది. పదిరోజుల తర్వాత ఆవిడ నోరు తెరవకముందే ఒక్క రింగు పడింది. "ఎవరో వెళ్ళొచ్చారు" అంది నాగసుధ. ఎవరో ఈ జన్మకి తెలీదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా ఆ మనిషి ఏ ఒడ్డున కూర్చుని ఉంటుందా అనే ఆలోచన.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలని ఉండేది. రోజూ మొట్టమొదటి రింగు ప్రశ్న పూర్తి కాకుండానే పడేది. ఎవరీ తొందర మనిషి? అత్తగారిని అడిగితే "ఊరోళ్ళ కడుపులో మాటలు నీకేల" అని కసిరింది. రెండయ్యేసరికి వరహాలమ్మ ఇంట్లో ఉండేది కాదు, పక్కింటి సింహాచలమ్మ దగ్గర కూకుంటానని వెళ్ళిపోయేది. వచ్చేసరికి వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవి. "అరటి దూట కోసేను" అనేది. ఆ వారమంతా ఇంట్లో దూట వండలేదని నాగసుధకి తెలుసు. అడగలేదు. ఊరందర్నీ అడిగే మనిషికి ఇంట్లో అడగడం చేతకాలేదు.

ఏడాది తిరిగేసరికి శేషగిరికి టెక్కలి దాకా తీగ లాగాలనే ఆలోచన వచ్చింది. "చీరల కొట్టువాడు ప్రకటన ఇత్తానంటన్నాడు. పూలకుండీని సూసి ఎవడిత్తాడు, మొగం ఉండాలంటన్నాడు" అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర.

నాగసుధ గరిటె పట్టుకుని ఆగింది. ముఖం అంటే తన ముఖమేనేమోనని ఒక్క క్షణం ఆశపడింది. ఆ క్షణానికి తర్వాత చాలాసార్లు తనని తనే తిట్టుకుంది.

"టెక్కలిలో సుస్మితని ఓ పిల్లుంది, డిగ్రీ సదువుతాంది, ఫంక్షన్లకి యాంకరింగు సేత్తాది. జీతం మాటాడేను. సోమారం నుంచి వత్తాది" అన్నాడు. "నీకూ రెస్టు దొరుకుతాది. అయినా అందులో నువ్వు సేసిందేటుంది, అడగడవే కదా. ఆ అడిగేవేవో ఓ నెలకి సరిపడా పుస్తకంలో రాసిచ్చీ. ఆ పిల్లకి మజ్జేన్నం భోజనం మనింట్లోనే."

నాకేనాడూ జీతం మాట్లాడలేదేమని ఆవిడ అడగలేదు. ఇల్లు నీదే కదా అంటాడని తెలుసు. ముప్పై ప్రశ్నలూ రాసింది. రాస్తూ ఉంటే ఒక సంగతి అర్థమైంది. ఇవన్నీ ఊరిని అడిగినవి కావు, ఎవరైనా తనని అడిగితే బాగుండునని దాచుకున్నవి.

సోమవారం సుస్మిత వచ్చింది. మంచి పిల్ల. తిన్న కంచం తనే కడిగి, "అక్కా, మీ పేరేంటి? ఇక్కడెవరూ చెప్పలేదు" అంది. నాగసుధ చెప్పింది. "బాగుందక్కా. మరి టీవీలో ఎందుకు చెప్పలేదు?" అంది ఆ పిల్ల. నాగసుధ గ్లాసులో మజ్జిగ పోసి చేతికిచ్చింది. పూలకుండీని శేషగిరి అప్పటికే మెట్ల మీద పెట్టేశాడు.

రెండింటికి హాల్లో టీవీలో సుస్మిత ముఖం కనిపించింది. నవ్వుతూ, ముద్దుగా, పుస్తకంలో మొదటి ప్రశ్న చదివింది. "మీకు ఒంట్లో ఎలా ఉందని ఈ నెలలో ఎవరైనా అడిగారా? ఎవరూ అడగకపోతే ఒక్క రింగు ఇవ్వండి." ఏమీ మోగలేదు. రెండో ప్రశ్న. మూడోది. నవ్వు అలాగే ఉంది గాని ఆ పిల్ల కళ్ళు ఫోను వైపే పోతున్నాయి. రెండుంబావుకి శేషగిరి మెట్లు దిగివచ్చాడు. "లైను పోయినట్టుంది. నువ్వు సింహాచలమ్మ ఇంటికెళ్ళి ఓపాలి కొట్టి సూడు."

పక్కింటి పెరటి వసారాలో ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. ఎదురుగా టీవీ. వరసలో రాజులమ్మ ఉంది. రాజులమ్మ పక్కన, చేతులకి బూడిద రాసుకుని, సుత్తి పట్టుకుని వరహాలమ్మ ఉంది. ఆవిడ మోచేతి పక్కనే స్టూలు మీద ఫోను. అన్ని మీటల్లోనూ రీడయల్ ఒక్కటే అరిగిపోయి మెరుస్తోంది.

నాగసుధ ఆ మీట వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. ప్రశ్న పూర్తికాకుండా పడే రింగు ఎవరిదో తెలిసింది. మాస్టారి భార్య పిక్కలు కొట్టడం కొడుక్కి తెలియకూడదని అరటి దూట వంక చెప్పిన మనిషి, మొగం సూపించకూడదన్న మనిషి, ఏడాదిగా రోజూ అందరికంటే ముందు జవాబు చెబుతోంది.

"మీరా అత్తా" అంది. "మరి ఈవేళ మోగించలేదేం?"

వరహాలమ్మ సుత్తి ఆపలేదు. "అడిగింది నువ్వు కాదు కదా" అంది.

వరసలో ఎవరూ తలెత్తలేదు. సుత్తుల చప్పుడు, టీవీలో సుస్మిత గొంతు. నాగసుధ స్టూలు దగ్గరికి వెళ్ళి ఆ అరిగిన మీట నొక్కింది. ఎదురుగా టీవీలో ఫోను మోగింది. ఆగలేదు, రెండోసారీ మోగింది. సుస్మిత ప్రాణం లేచొచ్చినట్టు స్పీకరు నొక్కి, "హలో, ఎవరు మాట్లాడుతున్నారండీ?" అంది.

"నేను" అంది నాగసుధ. నేను, నేను అని టీవీ హోరెత్తింది.

"మేడం, మీ టీవీ సౌండు తగ్గించండి."

"ఇక్కడ ఎవరి చేతులూ ఖాళీ లేవు సుస్మితా" అంది. మాట తిరిగి తిరిగి మోగుతుంటే, ప్రతి మాటా విడదీసి మెల్లగా చెప్పింది. "నా పేరు నాగసుధ. పూలకుండీ వెనక కూర్చునేది నేనే. ఆ ప్రశ్నలు నావి. ఒకటి పుస్తకంలో రాయలేదు, వచ్చి నేనే అడుగుతాను. ఇంకో కుర్చీ వేసి ఉంచు."

తెర మీద సుస్మిత పుస్తకం మూసి, కుర్చీ ఎక్కడుందా అని అటూ ఇటూ చూసింది. శేషగిరి చెయ్యి ఒకటి అడ్డంగా వచ్చి ఫోను పెట్టేసింది. పెట్టిన మరుక్షణం అది ఒక్కసారి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆ చెయ్యి ఎత్తి పెట్టేకొద్దీ మోగుతూనే ఉంది. ఆరు సుత్తులూ ఆగిపోయాయి.

"ఎల్లు" అంది వరహాలమ్మ తల ఎత్తకుండానే. "రెండున్నరయిపోనాది."

ఇంటికి పది అంగలు. మేడ మీద ఫోను మోత, దాని వెనకే వీధిలో ప్రతి ఇంటి టీవీలోంచీ అదే మోత. మెట్ల మీద పూలకుండీ అడ్డంగా ఉంది. నాగసుధ దాన్ని చేత్తో ఎత్తి, గోడవారకి జరిపి, అక్కడే వదిలేసి పైకి వెళ్ళింది.