అరువు నిద్ర

“ష్... మెల్లగా! పాపం, ఆవిడకి జెట్‌లాగ్,” అన్నాడు భర్త వంటింటి గుమ్మంలో నిలబడి. మూకుడు కింద పెట్టిన చప్పుడుకే అంత గాభరా. కుంభం తలూపి, సొంత వంటింట్లో దొంగతనానికి వచ్చినదానిలా గరిటెను ఆచితూచి కదిపింది. పెళ్ళయిన నాటి నుంచీ ఇంకా తెల్లవారకముందే ఈ పొయ్యి దగ్గర నిలబడుతోంది. ఆ వేళప్పుడు ఆయన నోటి నుంచి “మిక్సీ గోలేంటి, మనుషులు పడుకోవద్దా” అన్న మాటైతే చాలాసార్లు వింది కానీ, “పాపం” అన్న మాట వినడం ఇదే మొదలు. అదీ ఆమె గురించి కాదు.

కుంభం అసలు పేరేమీ కాదు, హాస్టల్లో పెట్టింది. పరీక్షల ముందు రోజు కూడా మంచం మీద వాలిందంటే మొహాన నీళ్ళు కొట్టినా అటు తిరిగి పడుకునేది. కుంభకర్ణుడికి నువ్వేమవుతావే అని అడిగి అడిగి, చివరికి కుంభం అని కుదించేశారు. ఆ పేరు పెట్టిన మహాతల్లే ఇప్పుడు ముందుగదిలో ముసుగుతన్ని పడుకుంది. పిట్టంత మనిషి, నోరు మూతపడదు కాబట్టి ఆవిడ పిచ్చుక. స్నేహితురాలినీ, ఎప్పుడో చదువుకునేటప్పుడు వదిలేసిన ఈ ఊరినీ చూడాలని రెండు విమానాలు మారి నిన్ననే దిగింది.

ఊరు చూపించే పని భర్తే ఒప్పుకున్నాడు. “మా ఆవిడ సెలవు పెడుతుందండీ, అంతా తిప్పి చూపిస్తుంది,” అని ఫోన్లో దానకర్ణుడిలా చెప్పేశాడు. కుంభం ఆస్పత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. సెలవు అడిగితే అక్కడి పెద్ద, “నీకేమ్మా, షికార్లకి సెలవులు! మాకంత భాగ్యమా,” అంటూనే బదులుగా ఆదివారం రమ్మన్నాడు. ఇంటి పనికి ఆ మాత్రం బేరం కూడా లేదు. బయల్దేరేలోపు రెండు పూటల వంట, కూతురికి బాక్సు, అత్తగారికి మాత్రలు అన్నీ అయ్యాయి. చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు, “షికారుకేగా వెళ్ళేది, కొంపలేం మునగవు. ఆ బట్టలు ఆరేసి వెళ్ళమ్మా,” అంది. కొంపలు మునగకుండా చూసేది తనేనని కుంభం నోటిదాకా వచ్చింది. ఆరేసింది.

ముందు కోటకు వెళ్ళారు. సగం మెట్లెక్కేసరికి పిచ్చుక, “ఒసేయ్ కుంభం, కళ్ళల్లో ఇసుక పోసినట్టుందే,” అని గోడకు చేరగిలబడిపోయింది. ఆవిడ సంచీ, నీళ్ళ సీసా, గొడుగు కుంభం చేతికి వచ్చాయి. అక్కడి నుంచి పాత రాజభవనానికి వెళ్ళారు. అదిప్పుడు మ్యూజియం. నిలువెత్తు పటాల హాల్లో, ఫ్యాను కిందున్న బల్ల మీద కూర్చున్నదే తడవు, పిచ్చుక కుంభం భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టేసింది.

కాపలాదారు కర్ర తాటించుకుంటూ వచ్చాడు. “ఇక్కడ పడుకోకూడదమ్మా.”

“నిన్ననే విమానం దిగిందండీ. జెట్‌లాగ్,” అంది కుంభం.

అతని మొహమే మారిపోయింది. “అయ్యో పాపం! మా పెద్దసారూ అంతే, ఓసారి విమానంలో వెళ్ళొచ్చి వారం దాకా మనిషి కాలేదు. పడుకోనివ్వండి.” ఫ్యాను జోరు పెంచి, కర్ర చప్పుడు కాకుండా చంకలో పెట్టుకుని మరీ వెళ్ళాడు.

భుజం తిమ్మిరెక్కినా కుంభం కదల్లేదు. మధ్యలో ఫోను మోగితే గుసగుసగా మాట్లాడింది. కళ్ళజోడు కనబడటంలేదని అత్తగారు. గోరువెచ్చని నీళ్ళు ఎవరు పెడతారని మళ్ళీ అత్తగారే. సాయంత్రం ఇంటికి ఎవరో వస్తున్నారని భర్త. చాలాసేపటికి పిచ్చుక లేచి, కాపలాదారు జాలిపడిన సంగతి విని నవ్వి, హాయిగా ఒళ్ళు విరుచుకుని, పటాలు చూద్దాం పదమంది. “నువ్వు చూసిరా, నేను సంచులు చూస్తుంటాను,” అంది కుంభం. ఆవిడ పక్క గదిలోకి వెళ్ళింది. కుంభం గోడకు తల ఆనించింది. ఒక్క నిమిషం కళ్ళు మూద్దామనుకుంది.

కర్ర టకటకమని బల్లకు తగిలింది. “లేమ్మా, లే! ఇదేమైనా సత్రమా? నిద్రొస్తే ఇంట్లో పడుకోవాలి.”

ఇంట్లోనా! కుంభానికి నవ్వు రాబోయి ఏడుపులా అయింది. తప్పు చేసినట్టు గబగబా కొంగు సర్దుకుని నిలబడింది. ఈలోపు పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. “ఏంటండీ ఆ గదమాయింపు! ఆవిడా నాతోపాటే దిగింది విమానం!”

“అలాగా! ముందే చెప్పాలి కదమ్మా,” అని అతను నొచ్చుకున్నాడు. “పడుకోండి, పడుకోండి.”

కుంభం పడుకుంది. రాజులూ రాణులూ పైనుంచి చూస్తుండగా, నోరు తెరుచుకుని, మూసే వేళ దాకా పడుకుంది.

తిరుగు ప్రయాణంలో పిచ్చుక నోరు ఎందుకో మూతపడింది. కాసేపటికి, “ఇలా పడుకుని ఎన్నాళ్ళయిందే?” అని మాత్రం అడిగింది. కుంభానికి గుర్తు రాలేదు. టాక్సీ కిటికీ బయట ఊరు వెనక్కి పోతోంది. ముందు సిగ్గేసింది, ఆ నిద్ర అబద్ధం చెప్పి అరువు తెచ్చుకున్నది కాబట్టి. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఆకాశంలో ఎగిరి వచ్చిన అలసటకు ఒక పేరుంది. ఆ పేరు చెబితే పరాయివాడు కూడా అడుగులు మెల్లగా వేస్తాడు. పొయ్యికీ ల్యాబుకీ మధ్య ఇన్నేళ్ళు తిరిగిన అలసటను చెప్పుకోవాలన్నా తను విమానం ఎక్కినట్టు బొంకాలా?

గుమ్మంలోనే భర్త ఎదురొచ్చాడు. “అంతా చూశారా? పాపం, మీకు కళ్ళు మూతలు పడుతున్నాయి, వెళ్ళి పడుకోండి. ఏమోయ్, వాళ్ళు వచ్చే వేళయింది. ఆ కూరలు వేడిచేసి, కాసిని టీ నీళ్ళు పడెయ్.”

కుంభం సంచీ బల్ల మీద పెట్టి, వంటింటి వైపు కాకుండా పడగ్గదిలోకి నడిచి, మంచం మీద వాలింది. వెనకే అందరూ వచ్చారు.

“ఏమైంది? జ్వరమా?” అన్నాడు భర్త.

“ఎండన పడి తిరిగితే తలనొప్పి రాదూ మరి! ఓ మాత్ర వేసుకుని లేమ్మా, సర్దుకుంటుంది,” అంది అత్తగారు.

పిచ్చుక అందుకుంది. “అవునన్నయ్యా, కోట మెట్ల మీద దానికి కళ్ళు తిరిగి...”

“వద్దే,” అంది కుంభం.

“నాకు జ్వరం లేదండీ. తలనొప్పీ లేదు. ఒళ్ళు నిక్షేపంలా ఉంది. అలసిపోయాను, అంతే. వంట పొద్దునే చేసి పెట్టాను, వేడిచేసుకోండి.”

దానికి ఏ మాత్ర ఇవ్వాలో తెలియక ఆయన అలాగే నిలబడ్డాడు. అత్తగారు కొడుకు మొహం చూసింది, కొడుకు గోడ మీది గడియారం చూశాడు. కుంభం దుప్పటి భుజాల మీదికి లాక్కుని అటు తిరిగింది.

“వెళ్తూ ఆ లైటు ఆర్పెయ్యండి.”