ఆరాధనకు వెళ్ళిన నీడ

ఆదివారమైనా దర్జీ మిషను ఆగదు. పొద్దున్నే కత్తెర తుడిచి, పీట మీద కూర్చుంటాడు. చర్చి గంట మోగగానే ఆయన నీడ మడమల దగ్గర ఊడి, గడప దాటి, చర్చికి పోయి మూడో వరసలో మోకరిస్తుంది. జనం దానికి చోటు వదిలి కూర్చుంటారు. పాస్టరుగారు దాని తల మీదా చెయ్యి పెట్టి దీవిస్తారు.

"బట్టలిచ్చినవాళ్ళకి మాట తప్పలేదు, దేవుడికీ తప్పలేదు. ఇంకేం కావాలి?" అంటాడు దర్జీ.

ఆ వారం భార్య ఊరుకోలేదు.

"ఏవండీ, మీ తమ్ముడికి రేపు గుండె ఆపరేషను. ప్రభువు బల్ల తీసుకునే ముందు మీతో సమాధానపడాలని కబురంపాడు. ఈ ఒక్కసారికి మీరే రండి."

ఆ చర్చిలో పద్ధతి అది. పగ ఉన్నవాళ్ళు చేతులు కలిపాకే ప్రభువు బల్లలో రొట్టె తీసుకోవాలి.

"వాడా!" దర్జీ దారం పుటుక్కున కొరికాడు. "పాస్టరుగారి మఖమల్ అంగీకి ఒక చెయ్యి నూగు పైకి, ఒక చెయ్యి నూగు కిందికి కత్తిరించిన మహానుభావుడు! ఆరాధనలో అయ్యగారు చేతులెత్తితే వెలుగుకి ఒకటి నలుపు, ఒకటి బూడిద. మన కొట్టుదేగా, కత్తిరించింది నేనే అనుకుని ఊరంతా నవ్వింది. కాదని ఒక్క మాటన్నాడా?"

"అనలేదు. అందామనే వస్తున్నాడు, పాపం."

"పెళ్ళికొడుకు కోటు సాయంత్రానికి ఇస్తానన్నాను. నీడ వస్తుందిగా."

"పట్టుకుందామంటే దానికి చెయ్యుంటుందా?"

"వాడి మొహానికి అది చాల్లే."

భార్య చెంగు విదిలించుకుని నడిచింది. నీడ వెనకే పోయింది. కోటుకి చెయ్యి ఎక్కిస్తుంటే ఆయనకి దారం పదేపదే తెగింది. దారాన్ని తిట్టాడు, సూదిని తిట్టాడు, ఇంకెవర్నీ తిట్టలేదు.

భార్య ఒక్కతే తిరిగొచ్చింది.

"నీడేదే?"

"మీ తమ్ముడు దాని చెయ్యి పట్టుకుని ఏడ్చాడండీ. అంగీ పాడుచేసింది తనేనని అందరి ముందూ చెప్పాడు. ఇక వదల్లేదు. ఆస్పత్రికి కూడా తీసుకుపోయాడు."

ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట నీడ వినేసింది.

తమ్ముడు బతికి బయటపడ్డాడు. నీడ మాత్రం ఇంటికి రాలేదు. ఎండలో నిలబడితే దర్జీ కాళ్ళ కింద ఉత్త నేల. బట్టలిచ్చేవాళ్ళకి అది పట్టలేదు, కొలతలు సరిపోతే చాలు వాళ్ళకి. ఆయనకి మాత్రం అన్నం సయించలేదు.

మళ్ళీ బల్ల ఇచ్చే ఆదివారం రాగానే మిషను మీద గుడ్డ కప్పేశాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని తనే చర్చికి వెళ్ళాడు. మూడో వరసలో తమ్ముడు చిక్కిపోయి కూర్చున్నాడు. పక్కనే నీడ. ఇద్దరూ ఒకే పాటల పుస్తకంలోకి చూస్తున్నారు.

దర్జీ చెయ్యి చాపాడు. "తమ్ముడూ..."

తమ్ముడు తలెత్తి, ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని చూసినట్టు మర్యాదగా నవ్వాడు.

"వందనాలండీ. ఇది మా అన్నయ్య చోటు. ఏమనుకోకండి, వెనక బెంచీ ఖాళీగా ఉంది."

దర్జీ చాపిన చెయ్యి దించుకున్నాడు. తర్వాత వెనక్కి పోయి కూర్చున్నాడు. రొట్టె పళ్ళెం చేతికొచ్చింది. సమాధానపడనివాడు తీసుకోకూడదని ఆయనకి బాగా తెలుసు. పళ్ళేన్ని ఒక్క ముక్కా పడకుండా పక్కాయనకి అందించాడు.