వాత పెట్టని అట్లకాడ

నేను ఒక అట్లకాడని. సర్కారు కాగితంలో మాత్రం నా పేరు వేరు. "బిడ్డను కాల్చుటకు వాడినట్లు చెప్పబడిన ఇనుప వస్తువు" అని రాశారు. నా ఎదురుగానే గట్టిగా చదివారు. ఇనుముకి కూడా వణుకు పుడుతుందని ఆ రోజే తెలిసింది.

పుట్టింది సాలూరులో. బరువులు మోసి మోసి విరిగిపోయిన ఒక లారీ కమాను పట్టీని సన్యాసి అనే కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి సాగగొట్టాడు. నాకు అరచెయ్యంత మొహం, పొడుగాటి కాడ, మేకుకి తగిలించుకోడానికి చివర ఒక వంపు పెట్టాడు. అన్ని దెబ్బలు తిని పుట్టిన దాన్ని కదా, ఇక జన్మంతా అట్లు తిరగేసుకుంటూ చల్లగా బతికేస్తాననుకున్నాను.

నన్ను కొన్నది పోలమ్మ. లారీ షెడ్ల దగ్గర టిఫిన్ బండి ఆవిడది. కాళ్ళనొప్పులతో ఆవిడ నిలబడలేకపోతుంటే కూతురు ఈశ్వరి తొమ్మిదో తరగతిలో బడి మానేసి నన్ను పట్టుకుంది. ఆ బండి దగ్గరే లారీ డ్రైవరు సూర్నాయుడు అట్టు మీద అట్టు తిని, చివరికి పిల్లనిమ్మని అడిగాడు. అత్తారింటికి వెళ్తూ ఈశ్వరి నన్నూ తీసుకెళ్ళింది.

మొగుడూ పెళ్ళాల సంగతి నన్నడక్కండి. నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని, గదిలో మాటలు సగమే వినబడేవి. ఆ సగమే చాలు. కోర్టులో విడాకులయ్యాయి. కూతురు లాస్య తల్లి దగ్గరే ఉండాలని, నెలకోసారి శని ఆదివారాలు తండ్రి తీసుకెళ్ళొచ్చని చెప్పారు. బట్టల సంచిలోంచి నా కాడ బయటికి పొడుచుకొచ్చి, బస్సులో అందరి చేత తిట్లు తింటూ ఈశ్వరితో పాటు సాలూరు వెనక్కొచ్చి, పోలమ్మ ఇంటి పక్క వీధిలో ఒక అద్దె ఇంట్లో చేరాను.

సూర్నాయుడికి కూతురు కావాలో, ఈశ్వరి ఓడిపోవడం కావాలో నాకిప్పటికీ తెలీదు. పిల్లల కోసం పెట్టిన హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యడం మాత్రం బాగా నేర్చుకున్నాడు. మొదటిసారి, తల్లి తిండి పెట్టట్లేదన్నాడు. ఆ ఆఫీసువాళ్ళు వచ్చేసరికి లాస్య ఇంకో అట్టు కావాలని పెనం దగ్గర గోల పెడుతోంది. వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు. ఈశ్వరికి నవ్వు రాలేదు. అప్పట్నుంచి లాస్య పరిగెడితే భయం, పడితే భయం, మోకాలు గీరుకుంటే ఎవరైనా చూస్తారని భయం. పిల్ల ఏడిస్తే ముందు వెళ్ళి కిటికీ మూసేది, తర్వాత ఎత్తుకునేది.

ఆ తర్వాత వచ్చిన నెలలో లాస్య తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. పెరట్లో స్నానం చేయిస్తూ, పిల్ల మొలతాడుకి కట్టిన ఒక చిన్న గుడ్డమూట చూసింది ఈశ్వరి. "మళ్ళీ ఏటి కట్టినారో" అని విప్పి చెత్తలో పడేసింది. చెబితే మాటకి మాట పెరుగుతుందని నోరు మూసుకుంది. వంటింటి గోడ మీంచి నేనంతా చూశాను. రెండో రోజుకి పిల్ల నడుం మీద పొక్కులు లేచి నల్లగా మాడినట్టయ్యాయి. చీమో పురుగో కుట్టిందనుకుని కొబ్బరినూనె రాసింది.

సూర్నాయుడు లాస్య వెళ్ళే అంగన్‌వాడీ దగ్గరికొచ్చి, పిల్ల గౌను ఎత్తి ఫోటో తీసుకున్నాడు. ఈసారి ఫోన్ చేసి, తల్లి అట్లకాడ కాల్చి వాతలు పెట్టిందన్నాడు.

ఆఫీసు నుంచి మాధురి అనే మేడమూ, ఒక లేడీ కానిస్టేబులూ వచ్చారు. మేడం లాస్యని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది.

"ఇదెలా అయింది తల్లీ?"

"తెల్దు."

"అమ్మ నిన్ను కోప్పడుతుందా?"

"ఊఁ. అన్నం తినకపోతే అట్లకాడతో వాతెడతానంటాది."

 అది ఆ వీధిలో ప్రతి వంటింట్లోనూ పొద్దున లేస్తే వినబడే మాట. ఏ తల్లీ కాల్చదు, ఏ పిల్లా నమ్మదు. కానీ ఆ పూట ఆ మాట నిజంగానే కాల్చింది. కానిస్టేబులు నన్ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేసింది. విచారణ అయ్యేదాకా పిల్ల అమ్మమ్మ పోలమ్మ దగ్గరుంటుందనీ, తర్వాత తండ్రికివ్వాలా, బాలసదనానికి పంపాలా, తల్లికే వదలాలా అన్నది పిల్లల సంక్షేమ కమిటీ తేలుస్తుందనీ చెప్పారు. "నా పిల్లండీ" అంది ఈశ్వరి. 

ఆఫీసు బీరువాలో ఉన్నన్నాళ్ళూ నాకొకటే దిగులు. ఒక్క మాట మాట్లాడగలిగితే చాలు, నేను ముట్టుకోలేదని చెప్పేదాన్ని. నోరున్నవాళ్ళు లేనిపోనివి చెబుతుంటే, తెలిసిన దానికి నోరే లేదు.

విచారణ రోజు నన్ను బల్ల మీద పెట్టారు. కమిటీలో ఒక డాక్టరమ్మ ఉంది. ఒక పక్క సూర్నాయుడు, వాళ్ళమ్మ గున్నమ్మ. ఇంకో పక్క ఈశ్వరి. పోలమ్మ లాస్యని తీసుకొచ్చింది. డాక్టరమ్మ మచ్చలు చూడ్డానికి గౌను పైకెత్తింది. అంతే, ఖాళీ మొలతాడు చూసి గున్నమ్మ కుర్చీలోంచి ఈశ్వరి మీదికి లేచింది.

"ఏదే? నే కట్టిన జీడిగింజేదే? మనవరాలు గుంటకి దిష్టి తగిలి సిక్కిపోతందని నా సేత్తో మొలతాడుకి కట్టినాను. ఏటి సేసినావే దాన్ని?"

"అమ్మా, నువ్వూరుకో" అన్నాడు సూర్నాయుడు. అంత తొందరగా ఎందుకన్నాడా అని అందరూ అతని వైపు తిరిగారు.

"నానెందుకూరుకోవాలిరా? ఇప్పీ పారేసుంటాది. అందుకే గుంటకిన్ని తిప్పలు!"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఏ జీడిగింజమ్మా? బట్టల మీద గుర్తులేస్తారే, ఆ నల్లజీడా?"

"అదేనమ్మా. దబ్బనంతో గుచ్చి, దారమెక్కించి, గుడ్డలో సుట్టి కట్టినాను."

"పచ్చిదా?"

"ఎండిందెవులికి కావాల? పచ్చిదైతేనే దిష్టి లాగుతాది."

"ఏదీ, మీ చెయ్యి చూపించండి."

గున్నమ్మ బొటనవేలి మీద నల్లగా మాడి, తోలు లేస్తున్న మచ్చ. "ఇదా? గుచ్చినప్పుడు రసం తగిలిందమ్మా. బలే మంటెట్టింది" అంది, సంబరంగానే.

"పిల్ల నడుం మీదా ఆ రసమే కాల్చింది" అంది డాక్టరమ్మ. నన్ను సంచిలోంచి తీసి, పిల్ల నడుం పక్కన గాల్లో పట్టుకుంది. నా మొహం అరచెయ్యంత. ఆ మచ్చలు శనగగింజలంత. అప్పుడు గున్నమ్మకి తను చెప్పిందేమిటో అర్థమై, కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడింది. "నా సేత్తోనా..." అంటూ ఏడ్చింది. కట్టింది ప్రేమతోనే, నాకు తెలుసు. పిల్ల ఒంటి మీద ప్రేమ కూడా పొక్కుతుందని ఆవిడకి తెలీదు.

"ఆ మూట విప్పినట్టు ముందే చెప్పాల్సింది కదమ్మా" అన్నారు కమిటీవాళ్ళు ఈశ్వరితో.

"సెప్తే దానికీ ఫోన్ సేస్తాడని బయమండి."

లాస్యని ఈశ్వరి దగ్గరే ఉంచమన్నారు. సూర్నాయుడిని ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోమని గట్టిగా హెచ్చరించారు. అతను తలూపాడు. ఇదివరకు కోర్టులోనూ అలాగే తలూపాడట. చివర్లో డాక్టరమ్మ నన్ను ఈశ్వరి చేతికిస్తూ, "ఆ వాత మాటొకటి మానెయ్యమ్మా" అంది.

మానేసింది. ఇప్పుడు లాస్య అన్నం దగ్గర మారాం చేస్తే ఈశ్వరి నోరు తెరుస్తుంది, సగంలో మూస్తుంది. ఆ సగం మాటని మింగడం నేను చూస్తూనే ఉన్నాను.

నిన్న పొద్దున పెనం మీద అట్టు పోసి నన్ను చేతిలోకి తీసుకుంది. గేటు చప్పుడైంది. ఈశ్వరి చటుక్కున నన్ను బియ్యం డబ్బా వెనక దాచేసి, లాస్యని దగ్గరికి లాక్కుని, గుమ్మం వైపు చూసింది.

"పాలమ్మా!" అని కేక.

పాలు పోయించుకొచ్చి, నన్ను వెనక నుంచి తీసి, కొంగుతో తుడిచింది. అప్పటికి అట్టు ఒక పక్క మాడిపోయింది. తీసి అవతల పడెయ్యబోతుంటే లాస్య చెయ్యి చాపింది.

"అదే కావాల. మాడిందే బావుంటాది."

ఈశ్వరి వెళ్ళి గేటు గడియ సరిగ్గా పడిందో లేదో చూసొచ్చింది. తర్వాత పిల్ల పక్కన కూర్చుని, ఉఫ్ ఉఫ్ అని ఊది, చల్లారేదాకా ఆగి, ఒక ముక్క తుంపి నోట్లో పెట్టింది.